ఇటెవాన్ అనే సత్రం

సియోల్ మెట్రోలో ఆరో లైన్ ఎక్కి, ఇటెవాన్ స్టేషన్‌లో దిగి, ఒకటో నంబర్ దారి గుండా పైకొస్తే నాలుగడుగుల్లో హామిల్టన్ హోటల్. దాని పక్కనే ఒక సందు. పొడవు సుమారు 40 మీటర్లు. బాగా ఇరుకైన చోట వెడల్పు 3.2 మీటర్లు. రెండు కార్లు పక్కపక్కన పట్టవు. పైనున్న తిండి వీధి నుంచి కిందున్న మెయిన్ రోడ్డుకి ఏటవాలుగా దిగుతుంది. 2022 అక్టోబర్ 29, హాలోవీన్‌కి ముందొచ్చిన శనివారం, రాత్రి పది దాటాక ఈ సందులో జనం ఊపిరాడక చనిపోయారు. మొత్తం 159 మంది. ఎక్కువమంది ఇరవైల్లో ఉన్నవాళ్ళు. 159వ వాడు ఆ సందులోంచి బతికి బయటపడ్డ హైస్కూలు కుర్రాడు. స్నేహితుల్ని పోగొట్టుకున్నాడు, డిసెంబర్‌లో ప్రాణం తీసుకున్నాడు. ప్రభుత్వం అతన్ని కూడా ఆ లెక్కలోనే కలిపింది.

మర్నాడు మన పత్రికలూ చానెళ్ళూ దీన్ని 'తొక్కిసలాట' అన్నాయి. వాళ్ళని తప్పు పట్టలేం, మనకున్న మాట అదే. కానీ అక్కడ జరిగింది తొక్కడం కాదు. పై నుంచి దిగేవాళ్ళు, కింద నుంచి ఎక్కేవాళ్ళు కలిసి ఒక ముద్దయిపోయారు. ఛాతీ విప్పారే చోటు లేక కొందరు నిలబడ్డచోటే స్పృహ తప్పారు. కొరియన్‌లో దీనికి 'అప్సా' అని ఒక మాటుంది, నలిగి చావడం అని అర్థం. ఆ సాయంత్రం 6:34కి పోలీసులకి వచ్చిన మొదటి ఫోన్‌లోనే ఆ మాట వినిపిస్తుంది: నలిగి చచ్చిపోయేట్టున్నాం, జనాన్ని అదుపు చెయ్యండి అని. అప్పటికింకా మూడున్నర గంటల పైన టైముంది. ఆ తర్వాత ఇంకో పది ఫోన్లు వెళ్ళాయి.

మన మాటలో నన్ను ఇబ్బంది పెట్టేది 'తొక్కు' మాత్రమే కాదు, చివరున్న 'ఆట' కూడా. తోపులాట, పెనుగులాట, తొక్కిసలాట. మన భాష చావుని కూడా ఆటలో కలిపేస్తుంది. చిత్రంగా, ఆ ఘటన తర్వాత కొరియన్ ఇంటర్నెట్‌లో ఎక్కువగా తిరిగిన ఎత్తిపొడుపు కూడా ఇదే: ఆడుకోడానికి వెళ్ళి చచ్చారు, దానికి దేశమంతా ఎందుకు ఏడవాలి? అందులోనూ ఇటెవాన్‌కే ఎందుకెళ్ళారు?

ఎత్తిపొడుపుగా అడిగినా, 'ఇటెవాన్‌కే ఎందుకు' అన్నది మంచి ప్రశ్నే. ఆఫీసు పని మీద ఒక వారం సియోల్‌లో ఉన్నప్పుడు, మూడు సాయంత్రాలు ఆ వీధుల్లో తిరిగి, తిరిగొచ్చాక దొరికిందల్లా చదివి, నాకు అర్థమైనంతలో జవాబు చెప్పుకోడానికి ఈ వ్యాసం.

*

పేరుతో మొదలుపెడదాం. చివరున్న 'వన్' అంటే సత్రం. (అసలు ఉచ్చారణ 'ఇతేవన్'కి దగ్గరగా ఉంటుంది. డ్రామాల పుణ్యమా అని మనకి 'ఇటెవాన్' నోటికి పట్టేసింది, అదే వాడుతున్నాను.) జొసన్ రాజుల కాలంలో రాజధాని గోడల బయట, దారుల మీద ప్రభుత్వం నడిపే సత్రాలుండేవి. నామ్‌సాన్ కొండకి అవతల, దక్షిణానికి పోయే దారి మీద ఉన్నది ఇది. అంటే పుట్టుకతోనే ఇది గోడ బయట ఊరు. వచ్చేవాళ్ళు, పోయేవాళ్ళు, ఒక రాత్రి పడుకుని లేచేవాళ్ళు.

'ఇతే'ని చైనా లిపిలో ఎలా రాయాలన్న దానికి మూడు పద్ధతులున్నాయి. ఇప్పుడు రాసేది బేరి చెట్టు అక్షరంతో. పదిహేడో శతాబ్దంలో ఇక్కడ బేరి తోటలుండేవని, అందుకే ఆ పేరని అంటారు. పర్యాటక శాఖకి నచ్చే కథ అది. ఇంకో పద్ధతిలో అవే ధ్వనులకి 'పరాయి పిండం' అనే అర్థం వచ్చే అక్షరాలు పడతాయి. 1592 నుంచి 1598 దాకా జపాన్ దండయాత్రలు జరిగాయి. ఆ సైనికుల చేతుల్లో చెరచబడ్డ ఆడవాళ్ళు, వాళ్ళకి పుట్టిన పిల్లలు, యుద్ధంలో లొంగిపోయి ఇక్కడే ఉండిపోయిన జపాన్ సైనికులు, వీళ్ళందరూ నగరం లోపల చోటులేక ఈ సత్రం చుట్టూ చేరారని ఆ కథ. ఇది కాగితాల మీద రుజువైన చరిత్ర అని నేననను. కానీ కొరియన్లు ఈ పేట గురించి మాట్లాడినప్పుడల్లా ఈ కథ చెప్తారు. ఏ ఊరి గురించి ఏ కథ చెప్పుకోవాలని జనానికి అనిపిస్తుందన్నది కూడా చరిత్రే కదా.

ఆ తర్వాత మూడు సైన్యాలు వచ్చాయి, ఒకదాని పరుపు మీద ఇంకోటి పడుకున్నట్టు. 1882లో జీతం బియ్యం సరిగ్గా అందని కొరియా సైనికులు తిరగబడితే, అణచడానికి చైనా చింగ్ సైన్యం వచ్చి, ఇటెవాన్ పక్కనున్న యోంగ్‌సాన్‌లో దిగింది. రాజు తండ్రిని విడిదికి పిలిచి, పిలిచినట్టే పిలిచి, బంధించి చైనాకి పట్టుకుపోయింది. 1904లో రష్యాతో యుద్ధం పేరు చెప్పి జపాన్ అదే యోంగ్‌సాన్‌లో ఊళ్ళు ఖాళీ చేయించి భూమి తీసుకుంది. ఎర్ర ఇటుక బ్యారక్‌లు కట్టింది. కొరియాలో జపాన్ సైన్యానికి అదే ముఖ్య స్థావరం అయింది. 1945 సెప్టెంబర్‌లో అమెరికన్లొచ్చారు. కొత్తవి కట్టుకునే శ్రమ తప్పింది, అవే బ్యారక్‌లలో సామాను దించారు. 1949లో చాలావరకు వెళ్ళిపోయి, 1950లో యుద్ధం రావడంతో తిరిగొచ్చారు. ఈసారి ఉండిపోయారు.

నగరం నడిబొడ్డున సుమారు రెండున్నర చదరపు కిలోమీటర్ల స్థలం, నూరేళ్ళకి పైగా మామూలు కొరియన్లు అడుగుపెట్టలేనిది. కొరియన్ మ్యాప్ యాప్‌లలో చాలా ఏళ్ళు అది ఉత్త పచ్చటి అడవిలా కనిపించేది. భద్రత కోసం అలా పూడ్చేశారు. వృత్తిరీత్యా డేటాతో కుస్తీ పట్టేవాణ్ణి కాబట్టి, ఖాళీగా కనపడే గడి ఎప్పుడూ ఖాళీ కాదని నాకు తెలుసు.

జపాన్ కాలంలో ఇటెవాన్‌లో ఇంకోటి కూడా ఉండేది: శ్మశానం. 1919 మార్చి 1న మొదలైన స్వాతంత్ర్య ప్రదర్శనల్లో పాల్గొన్న యు గ్వాన్‌సున్ అనే స్కూలు పిల్ల జైల్లో దెబ్బలకి 1920 సెప్టెంబర్‌లో చనిపోయింది. పదిహేడేళ్ళు. కొరియా పాఠ్యపుస్తకాల్లో ఆమె ముఖం ఎరగని పిల్లలుండరు. ఆమెని పూడ్చింది ఇటెవాన్ పొదల్లోనే. 1930లలో ఆ నేల వేరే అవసరాలకి కావాల్సొచ్చి శ్మశానాన్ని ఎత్తేశారు. అడిగే దిక్కులేని సమాధుల్లోని వేలాది అవశేషాల్ని తవ్వి, దహనం చేసి, నగరం తూర్పు కొసన మాంగు కొండ మీద ఒకే గుట్టగా కలిపేశారు. యు గ్వాన్‌సున్ సమాధి జాడ అక్కడితో పోయింది. ఆమె కోసం 2015లో ఇటెవాన్‌లో ఒక స్మారక శిల నిలిపారు. కింద క్లబ్బుల వీధి, పైన ఆ రాయి. ఈ పేటలో చచ్చిపోయిన పిల్లల్ని ఏం చెయ్యాలో సియోల్‌కి అప్పుడూ వెంటనే తోచలేదు.

*

సికింద్రాబాద్‌ని మన పెద్దవాళ్ళు ఇప్పటికీ లష్కర్ అంటారు. లష్కర్ బోనాలు అన్నప్పుడు అది దండు విడిసిన చోటని ఎవరికీ గుర్తు రాదు. 1806లో బ్రిటిష్ దండు కోసం వెలిసిన ఊరు, దండు పోయాక కూడా దాని బేకరీలతో, టైలర్లతో, క్లబ్బులతో మిగిలింది. ఇటెవాన్‌ని అర్థం చేసుకోడానికి నాకు ఈ ఒక్క పోలిక బాగా పనికొచ్చింది. దండు గేటు బయట ఏ వ్యాపారాలు మొదలవుతాయో ఊహించడానికి పెద్ద చదువక్కర్లేదు: బట్టలు కుట్టేవాళ్ళు, బూట్లు, బీరు, తిండి, పాట, ఆడవాళ్ళు.

తిండి దగ్గర ఆగుతాను, ఎందుకంటే యుద్ధం తర్వాతి కొరియా అంతా ఆ గిన్నెలో ఉంది. 1953 తర్వాత దేశంలో ఆకలి. అమెరికన్ స్థావరాల మెస్సుల నుంచి మిగిలిన మాంసం ముక్కలు, సాసేజ్‌లు బయటికొచ్చేవి. కొన్ని పారేసినవి, కొన్ని దొంగతనంగా దాటించినవి. అన్నీ కలిపి ఉడకేసిన దాన్ని 'పందుల గంజి' అనేవారట. అందులో సిగరెట్ పీకలు వచ్చేవని ఆ తరం వాళ్ళు చెప్పుకుంటారు. తర్వాత్తర్వాత దానికి కొంచెం మర్యాద వచ్చింది. డబ్బా మాంసం స్పామ్, సాసేజ్, కిమ్చీ, గొచుజాంగ్ అనే మిరప ముద్ద వేసి మరగబెట్టిన పులుసుకి 'బుదే జిగె' అని పేరు స్థిరపడింది. సైనిక దళం పులుసు అని అర్థం. సియోల్‌కి ఉత్తరాన ఉన్న ఉయిజొంగ్‌బు దీనికి పుట్టిల్లని చెప్తారు. ఇటెవాన్‌ది ఇంకో రకం. పేరు 'జాన్సన్ తాంగ్', జాన్సన్ సూప్. అమెరికా అధ్యక్షుడు లిండన్ జాన్సన్ 1966లో సియోల్ వచ్చినప్పటి గుర్తుగా ఆ పేరు పెట్టారంటారు. ఇందులో కిమ్చీ ఉండదు, క్యాబేజీ ఉంటుంది. ఎముకల రసం, సాసేజ్, హామ్, పైన జున్ను పలక. నేను తిన్నాను. నిజం చెప్పాలంటే మొదటి రెండు చెంచాలకి ఏం తింటున్నానో అర్థం కాలేదు. అల్యూమినియం గిన్నె అడుగుకొచ్చేసరికి అన్నం ఇంకో గిన్నె అడిగాను. స్పామ్‌ని ఇప్పుడు కొరియాలో పండక్కి గిఫ్ట్ బాక్సుల్లో పెట్టి చుట్టాలకి ఇచ్చుకుంటారు. ఒకప్పుడు దండు గోడ మీంచి దొంగతనంగా దాటొచ్చిన సరుకది.

పాట కూడా అదే గోడ దాటొచ్చింది. అమెరికన్ ఎనిమిదో సైన్యం క్లబ్బుల్లో పాడటానికి కొరియన్ కళాకారులకి ఆడిషన్ పెట్టి గ్రేడ్లు ఇచ్చేవాళ్ళు. గ్రేడుని బట్టి డబ్బు. ఇప్పుడు కేపాప్ ట్రైనీలు నెలనెలా పరీక్షలు రాసినట్టు పాడి ఆడి చూపిస్తుంటే చూసి ఆశ్చర్యపోతాం గానీ, ఆ అలవాటుకి ఇంత పాత వేరుంది. కిమ్ సిస్టర్స్ అనే ముగ్గురమ్మాయిలు అర్థం తెలియని ఇంగ్లీషు పాటలు బట్టీపట్టి సైనికుల ముందు పాడేవాళ్ళు. ప్రతిఫలంగా చాక్లెట్లు, విస్కీ ఇస్తే, వాటిని బయట ఇచ్చి ఇంట్లోకి తిండి తెచ్చుకునేవాళ్ళు. 1959లో వాళ్ళు లాస్ వేగస్ చేరారు. షిన్ జుంగ్‌హ్యొన్ అనే కుర్రాడు అదే స్టేజీల మీద గిటార్ వాయించి, కొరియన్ రాక్‌కి తండ్రి అనిపించుకున్నాడు. 1975లో గంజాయి కేసులో అతన్ని జైల్లో పెట్టారు, పాటలు నిషేధించారు. నియంత పార్క్ చుంగ్‌హీ 1979లో హత్యకి గురయ్యేదాకా అతనికి స్టేజీ లేదు.

ఆ రోజులు ఎలాంటివంటే, పోలీసులు రోడ్డు మీద స్కేలు పట్టుకుని అమ్మాయిల స్కర్టులు కొలిచేవాళ్ళు, కత్తెరతో అబ్బాయిల జుట్టు కత్తిరించేవాళ్ళు. అన్నిటికీ మించి రాత్రి లేదు. 1945 సెప్టెంబర్‌లో అమెరికన్ సైనిక ప్రభుత్వం పెట్టిన కర్ఫ్యూ 1982 జనవరి 5 దాకా కొనసాగింది. చాలాకాలం అర్ధరాత్రి పన్నెండు నుంచి తెల్లారి నాలుగు దాకా. సైరన్ మోగేలోపు ఇల్లు చేరకపోతే స్టేషన్‌లో తెల్లారేది. క్రిస్మస్ ముందు రాత్రి, డిసెంబర్ 31 రాత్రి మాత్రం మినహాయింపు. ముప్ఫయ్యారేళ్ళు! ఒక మనిషి పుట్టి, పెద్దయి, పెళ్ళి చేసుకుని, పిల్లల్ని కన్నా కూడా తన సొంత ఊరిని రాత్రి రెండింటికి చూసి ఉండడు. ఇవాళ సియోల్ అంటే 24 గంటలూ వెలిగే ఊరని మనం రీల్స్‌లో చూస్తున్నది, ఆ ఆకలి తీర్చుకోవడమేనేమో అనిపిస్తుంది నాకు.

కర్ఫ్యూ ఎత్తేశాక ఇటెవాన్ డిస్కోలదే రాజ్యం. వాటిలో 'మూన్ నైట్' అనే క్లబ్బుకి కొరియన్లు ఇప్పుడు దాదాపు పురాణ గౌరవం ఇస్తారు. అమెరికన్ సైనికులు, అందులో ముఖ్యంగా నల్లజాతి సైనికులు, కొత్త స్టెప్పులు ఇక్కడికి మోసుకొచ్చేవాళ్ళు. స్కూళ్ళెగ్గొట్టిన కొరియన్ కుర్రాళ్ళు చూసి నేర్చుకునేవాళ్ళు. పోటీ పెట్టుకునేవాళ్ళు. ఆ గుంపులోంచే హ్యొన్ జిన్‌యంగ్‌ని లీ సూమాన్ ఎంచుకుని 1990లో గాయకుణ్ణి చేశాడు. ఆ లీ సూమాన్ పెట్టిన కంపెనీయే ఎస్సెమ్. 1992లో కొరియన్ సంగీతాన్ని తలకిందులు చేసిన 'సొ తైజి అండ్ బాయ్స్'లో ఇద్దరు డాన్సర్లు కూడా ఇక్కడి వాళ్ళే. అందులో యాంగ్ హ్యొన్‌సొక్ తర్వాత వైజీ కంపెనీ పెట్టాడు. బ్లాక్‌పింక్‌ని తెచ్చింది ఆ కంపెనీయే. మన విజయవాడ అమ్మాయి ఇన్‌స్టాలో ఆడే స్టెప్పుని వెనక్కి తవ్వుకుంటూ పోతే ఎక్కడో ఒకచోట ఈ చీకటి గదిలో ఒక అమెరికన్ సిపాయి కాళ్ళు తగులుతాయి.

*

అయితే ఈ కథని ఇంత హుషారుగా చెప్పేసి వదిలేస్తే అబద్ధం అవుతుంది. గోడ బయట మొదలైన వ్యాపారాల్లో ఆడవాళ్ళ సంగతి చెప్పాలి.

కొరియా 1961లో వ్యభిచారాన్ని చట్టంతో నిషేధించింది. మరుసటి ఏడే, ఆ చట్టం పట్టించుకోనక్కర్లేని 'ప్రత్యేక ప్రాంతాలు' గుర్తించింది. వాటిలో అమెరికన్ స్థావరాల చుట్టూ ఉన్న పేటలు చాలా ఉన్నాయి. ఇటెవాన్ కూడా. దేశానికి డాలర్లు కావాలి, అమెరికన్ సైన్యం వెళ్ళిపోకుండా ఉండాలి. అందుకని ప్రభుత్వమే ఆ ఆడవాళ్ళకి నిర్బంధ వైద్య పరీక్షలు చేయించింది, జబ్బుందంటే బంధించి మందులెక్కించింది, డాలర్లు తెచ్చే దేశభక్తులని ఉపన్యాసాలిప్పించింది. బయట సమాజం మాత్రం వాళ్ళని మనుషుల్లో కలపలేదు. బతికున్న వాళ్ళు ముసలి వయసులో కోర్టుకెళ్ళారు. 2022 సెప్టెంబర్ 29న కొరియా సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది, ఇందులో ప్రభుత్వానిదే బాధ్యత, పరిహారం ఇవ్వాలని. ఆ సందులో పిల్లలు చనిపోవడానికి సరిగ్గా నెల ముందు. రెండు వార్తల్నీ కలిపి ఎవరైనా రాశారేమోనని వెతికాను, నాకు కనపడలేదు. కలపాల్సిన వార్తలని నాకనిపించింది.

హోటల్‌కి ఎదురుగా, రోడ్డు అవతల, ఒక కొండ వాలు. దాని మీద ఒక సందుని విదేశీయులు 'హూకర్ హిల్' అంటారు. పక్క సందు, 1990ల నుంచి గే బార్లు చేరినది, 'హోమో హిల్'. పేర్లు పెట్టినవాళ్ళకి మర్యాద తక్కువే, కానీ తర్వాత ఆ పేరుని అక్కడివాళ్ళే నవ్వుతూ సొంతం చేసుకున్నారు. ఆ వాలే ఎక్కుతూ పోతే పైన సియోల్ సెంట్రల్ మసీదు, నీలం పలకలు, జంట మీనార్లు. ఒకే వాలు మీద ఈ మూడూ పక్కపక్కన ఎలా వచ్చాయి? పక్కనే ఎందుకంటే, ఇంకెక్కడా రానివ్వలేదు కాబట్టి.

మసీదు కథ సరదాగా ఉంటుంది. కొరియా యుద్ధంలో ఐక్యరాజ్యసమితి తరఫున పోరాడిన టర్కీ సైనికుల వల్ల కొద్దిమంది కొరియన్లు ఇస్లాంలోకి వచ్చారు. వాళ్ళ కోసం ఎవరూ కొండ మీద మసీదు కట్టరు కదా. కానీ 1973లో చమురు ధర పేలింది. కొరియా దగ్గర చమురు లేదు. ఉన్నది కూలీలు, ఇంజినీర్లు, సిమెంటు. గల్ఫ్‌లో కాంట్రాక్టులు కావాలి. పార్క్ ప్రభుత్వం మసీదుకి స్థలమిచ్చింది, సౌదీ తదితర దేశాలు డబ్బిచ్చాయి, 1976 మేలో తలుపులు తెరిచారు. అదే ఏడు హ్యుందాయ్‌కి సౌదీలో జుబైల్ రేవు కట్టే పని దొరికింది. ఒకటి రెండోదానికి నేరుగా కారణమని చెప్పలేం గానీ, ఇద్దరికీ ఒకరి అవసరం ఒకరికుందని మాత్రం తెలుస్తూనే ఉంది. కడప నుంచి, కరీంనగర్ నుంచి మనవాళ్ళు గల్ఫ్ విమానం ఎక్కిన అదే దశాబ్దంలో లక్షలాది కొరియన్లు కూడా అవే ఎడారుల్లో ఇనుము వంచారు.

మసీదు చుట్టూ హలాల్ మాంసం దుకాణాలు, పాకిస్తానీ, టర్కీ, ఇండియన్ హోటళ్ళు వచ్చాయి. సువాన్‌లో సామ్‌సంగ్‌లో పనిచేసే మా కాలేజీ మిత్రుడికి ఇటెవాన్ అంటే క్లబ్బులూ కాదు, డ్రామాలూ కాదు. కందిపప్పు. నెలకోసారి గంటన్నర ప్రయాణం చేసి వచ్చి, ఆ కొండ మీద దుకాణంలో పప్పు, చింతపండు, ఎండుమిర్చి కొనుక్కుపోతాడు. కొరియన్ మిరపపొడి ఎరుపే గానీ కారం లేదని వాడి దుఃఖం. పెనుకొండ దగ్గర కియా ఫ్యాక్టరీ వచ్చాక అక్కడి రోడ్ల మీద కొరియన్ అక్షరాల బోర్డులు, కిమ్చీ పెట్టే హోటళ్ళు వెలిశాయి కదా, అది గుర్తొచ్చింది. ఏ ఊరికైనా పరాయివాడు ముందు జీతం కోసం వస్తాడు, వెనకే వాడి పచ్చడి వస్తుంది.

*

1988 ఒలింపిక్స్ నాటికి ఇటెవాన్ అంటే విదేశీయులకి తోలు జాకెట్లు, కొలిచి కుట్టే సూట్లు, నకిలీ బ్రాండ్ సంచులు. 1997లో సియోల్‌లోనే మొదటి ప్రత్యేక పర్యాటక ప్రాంతంగా ప్రకటించారు. ఆ తర్వాత కొరియన్ కుర్రకారు ఇటెవాన్‌ని మళ్ళీ కనుక్కున్నారు. వాళ్ళ అమ్మలు 'అటువైపు వెళ్ళొద్దు' అని చెప్పిన చోటు కాబట్టే వెళ్ళారు. 2000లో తాను గే అని బయటికి చెప్పి, ఆ దెబ్బతో టీవీ అవకాశాలు పోగొట్టుకున్న నటుడు హోంగ్ సొక్‌చన్ ఇక్కడే హోటళ్ళు పెట్టుకుని నిలబడ్డాడు. పక్కనే గ్యొంగ్నిదన్ వీధి ఫ్యాషనైంది. అసలు గ్యొంగ్నిదన్ అంటే సైన్యం జమాఖర్చుల విభాగం, దాని ఆఫీసు అక్కడుండేది. ఆ వీధి ఎంత హిట్టయిందంటే కొరియాలో ఎక్కడ కేఫ్‌ల వీధి మొదలైనా పేరు చివర 'రిదన్' తగిలించడం మొదలుపెట్టారు. మన దగ్గర ట్రెజరీ ఆఫీసు రోడ్డు పేరు ఊరూరా కేఫ్‌లకి పెట్టుకున్నట్టు. తర్వాత షరా మామూలే. అద్దెలు పెరిగాయి, వీధిని అందంగా చేసినవాళ్ళు ఖాళీ చేసి పోయారు, అద్దాల మీద 'అద్దెకివ్వబడును' కాగితాలు మిగిలాయి.

'ఇటెవాన్ క్లాస్' 2020లో వచ్చింది. జో గ్వాంగ్‌జిన్ వెబ్‌టూన్ ఆధారంగా తీసిన డ్రామా. లాక్‌డౌన్‌లో మనవాళ్ళు కూడా తెగ చూశారు. జైలుకెళ్ళొచ్చిన హీరో మొదటిసారి ఇటెవాన్‌లో అడుగుపెట్టేది ఒక హాలోవీన్ రాత్రి. రంగురంగుల వేషాల్లో జనం, ఎవరూ ఎవర్నీ నువ్వెవరని అడగరు. ఇక్కడే కొట్టు పెట్టుకుంటానని నిర్ణయించుకుంటాడు. ఆ డ్రామా మీద నాకు ఫిర్యాదులున్నాయి: ప్రతీకారం పేరుతో చివరి ఎపిసోడ్లలో సాధారణ మసాలా సినిమా అయిపోతుంది. కానీ హీరో కొట్లో వంట చేసే ట్రాన్స్ అమ్మాయి, తండ్రి కొరియన్ అయినా 'నువ్వు కొరియన్‌వి కాదు' అనిపించుకునే నల్ల కుర్రాడు, ఈ ఇద్దరి పాత్రలు ఇంకే పేటలోనైనా అతికినట్టుండేవి. ఇక్కడ మాత్రం ఇరుగుపొరుగు వాళ్ళలా ఉన్నారు.

డ్రామా అయిపోయిన రెండు నెలలకి, 2020 మేలో, ఇటెవాన్ క్లబ్బుల నుంచి కోవిడ్ వ్యాపించింది. కొన్ని పత్రికలు 'గే క్లబ్' అని హెడ్డింగులు పెట్టాయి. పరీక్షకెళ్తే ఆఫీసులో, ఇంట్లో తెలిసిపోతుందని చాలామంది భయపడ్డారు. చివరికి పేరు లేకుండా పరీక్ష చేయించుకునే వీలు కల్పిస్తే గానీ జనం రాలేదు. 'అటువైపు వెళ్ళొద్దన్నామా' అన్న పాత మాట మళ్ళీ మొదలైంది. రెండేళ్ళు వీధి చచ్చిపోయింది. అందుకే 2022 అక్టోబర్‌లో మాస్క్ లేకుండా వచ్చిన మొదటి హాలోవీన్‌కి లక్షమందికి పైగా వచ్చారు.

ఆ రాత్రి అక్కడున్న పోలీసులు 137 మంది. డ్రగ్స్ పట్టుకోవడం మీద ఉన్న శ్రద్ధ జనం నడక మీద లేదు. నగరంలో వేరేచోట ర్యాలీలున్నాయి, బలగాలు అటువైపు ఉన్నాయి. తర్వాత అధికారుల నుంచి వచ్చిన జవాబు నాకు ఇప్పటికీ అరగదు: ఈ వేడుకకి నిర్వాహకులంటూ ఎవరూ లేరు, కాబట్టి భద్రతా ప్రణాళిక వెయ్యాల్సిన బాధ్యత చట్టప్రకారం ఎవరి మీదా లేదు. సత్రానికి యజమాని లేడు, వచ్చినవాళ్ళ పూచీ వాళ్ళదే. నాలుగు వందల ఏళ్ళుగా ఈ పేటకి ఇదే సమాధానం. హోటల్ తన గోడని బయటికి పెంచుకుంటూ పోయి సందుని ఇంకా ఇరుకు చేసిందని దర్యాప్తులో తేలింది. 2024 సెప్టెంబర్‌లో కింది కోర్టు అప్పటి యోంగ్‌సాన్ పోలీసు అధిపతికి మూడేళ్ళ జైలు వేసింది, జిల్లా అధిపతిని నిర్దోషిగా వదిలేసింది.

నేను వెళ్ళింది 2023 చివర్లో, బాగా చలి. సందు మొదట్లో స్మారక ఫలకాలు పెట్టారు. గోడ నిండా చిన్న చిన్న కాగితాలు, కొరియన్‌లో, ఇంగ్లీషులో, అరబిక్‌లో, నేను గుర్తుపట్టలేని లిపుల్లో. ఒకమ్మాయి ఊడిపోయిన కాగితాల్ని ఏరి, దుమ్ము దులిపి మళ్ళీ అంటిస్తోంది. ఎవరని అడగలేదు. సందు ఎక్కి పైకెళ్తే తిండి వీధిలో లైట్లు వెలుగుతున్నాయి. సగం బల్లలు ఖాళీ. ఒక హోటల్ ముందు నిలబడ్డ కుర్రాడు మమ్మల్ని లోపలికి పిలవడానికి నాలుగు భాషలు ప్రయత్నించాడు, అందులో ఒకటి హిందీ.

మెయిన్ రోడ్డు మీద బండి దగ్గర చేప ముద్దల పుల్లలు తింటూ నిలబడ్డాం. పుల్ల కొంటే పులుసు ఊరికే, కాగితం గ్లాసులో ఎన్నిసార్లయినా పోస్తారు. మా మిత్రుడి సంచిలో రెండు కిలోల కందిపప్పు ఉంది. పన్నెండు దాటింది, ఆఖరి మెట్రో వెళ్ళిపోయింది. బండి ఆవిడ మా గ్లాసులు చూసి, అడక్కుండానే ఇంకో గరిటె పోసింది.